హాలీ సిక్కా

హైదరాబాదు నిజాంల నాణేలను హాలీ సిక్కా అనేవారు. ‘హాలీ’ అంటే ఇప్పుడు చెల్లుతున్నది, ‘సిక్కా’ అంటే ముద్ర. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నిజాం ఇలాకాలోవే కాబట్టి ఇక్కడి అంగళ్లలోనూ అదే నడిచింది.

ముస్లిం రాజ్యాల్లో సార్వభౌమత్వానికి రెండు గుర్తులు: శుక్రవారం నమాజు ప్రసంగమైన ఖుత్బాలో పేరు, నాణెం మీద పేరు. అయితే 1724 నుంచి సొంతంగా ఏలినా నిజాంలైన ఆసఫ్ జాహీలు నాణెం మీద పారసీ లిపిలో ఢిల్లీ మొగలు పాదుషా పేరే వేయించారు. నిజాం సికందర్ జా తన పేరులోని తొలి అక్షరం ‘సీన్’ను మాత్రం మూలన ఇరికించాడు. ఏలేది ఒకరు, పేరు ఇంకొకరిది!

1857 తిరుగుబాటుతో పాదుషా పోయాడు. 1858 నుంచి నిజాం అఫ్జల్ ఉద్ దౌలా నాణేల మీద ‘నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా బహదూర్’ అన్న బిరుదూ, 92 అనే సంఖ్యా కనిపిస్తాయి. అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ లెక్కలో ‘ముహమ్మద్’ విలువ 92. అల్వర్, బికనీర్ సంస్థానాలు విక్టోరియా రాణి బొమ్మ వేసుకున్నాయి, హైదరాబాదు వేయలేదు. పాదుషా ఖాళీ చేసిన చోట దొరసానిని కూర్చోబెట్టకపోవడమే ఈ నాణెపు అసలు రాజకీయం.

1903లో సైఫాబాదు టంకసాల వచ్చాక రూపాయి మీదికి చార్మినార్ ఎక్కింది. వేలితో తడిమి చూస్తే నాలుగు మీనార్లూ తగులుతాయి. నడిమి కమాను కింద నిజాంలలో మహబూబ్ అలీ ఖాన్‌కు ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్‌కు ‘ఐన్’. వెనుక వైపు ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’, అంటే శుభమైన పునాది గల ఊరు. పారసీ చదవరాని రైతుకు మాత్రం చార్మినారే గుర్తు. తెలుగు అక్షరాలకు నాణెం మీద చోటు దక్కలేదు. 1918లో మొదలైన కాగితం నోట్ల మీద మరాఠీ, కన్నడాలతో పాటు దక్కింది.

ఇంగ్లీషు వాళ్ల రూపాయి ‘కల్దారు’, మరమీద కొట్టినదని. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు మారకం. హాలీ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 82 శాతం లోపే, కల్దారు 11.66 గ్రాములు, వెండి దాదాపు 92 శాతం. తూచి చూస్తే వెండి లెక్కన కూడా ఇంచుమించు ఆ ధరే వస్తుంది. 1950లో భారత రూపాయి వచ్చాకా కొన్నేళ్లు రెండూ పక్కపక్కనే చెల్లాయి.