బంతీ, బతుకుతెరువూ

మా వరంగల్ వాళ్లకి రైలంటే కాజీపేట. పెళ్లిసంబంధాల్లో "అబ్బాయికి రైల్వేలో ఉద్యోగం" అంటే ఇక అడగాల్సిన ప్రశ్నలుండేవి కావు. అదే ఉద్యోగాన్ని బంతాట ఆడి సంపాదించుకున్న ఆడపిల్లలు మన దేశంలో ఎందరో ఉన్నారు తెలుసా?

బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలో పుట్టింది. నైస్మిత్ మాస్టారు పీచ్‌పళ్ల బుట్టలు పైన కట్టి కుర్రాళ్లచేత ఆడించాడు. మరుసటి ఏడే సెండా బెరెన్‌సన్ అనే టీచరమ్మ తన కాలేజీ అమ్మాయిలకి నేర్పింది. కాకపోతే పిల్లలు అలిసిపోతారని ఆటస్థలాన్ని మూడు భాగాలు చేసి, ఎవరి గీత వాళ్లు దాటకూడదంది. గీతలు గీయడానికి లక్ష్మణుడే రావాలా ఏం!

ఒలింపిక్స్‌లో మగవాళ్ల పోటీ 1936లో మొదలైతే, ఆడవాళ్లకి 1976లో గానీ పిలుపు రాలేదు.

ఈలోగా లాత్వియాలోని రీగా నగరంలో 'దౌగవ' అనే పెద్ద క్రీడాసంఘం నీడలో, ట్రాములూ ట్రాలీబస్సులూ నడిపే సంస్థ పేరుతో, టి.టి.టి. అనే ఆడజట్టు తయారైంది. 1960-82 మధ్య 18 సార్లు యూరప్ కప్పు గెలిచింది! దాదాపు ఏడడుగుల ఉల్యానా సెమ్యోనొవా ఆ జట్టు మనిషే.

అక్కడ ట్రాములు చేసిన పని ఇక్కడ రైళ్లు చేశాయి. జాతీయ పోటీల్లో ఏళ్ల తరబడి రైల్వే ఆడజట్టుదే పైచేయి. దక్షిణ రైల్వే ఉద్యోగిని అనితా పాల్‌దురై భారత జట్టుకి కెప్టెనై, 2021లో పద్మశ్రీ అందుకుంది.

ఆటకి జీతం తోడైతే, "పెళ్లయిందిగా, ఇక చాలించు" అనే మాట నోటిదాకా వచ్చి ఆగుతుంది. కనక ఈసారి పొడుగాటి పిల్ల కనిపిస్తే "ఈమెకి మొగుడెక్కడ దొరుకుతాడో" అని నిట్టూర్చకండి. చేతికో బంతివ్వండి.