పోగుల లైబ్రరీ మారిన కథ

గేజు మార్పిడి గురించి మేము ఆ మధ్య రాసింది చదివి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు కొందరు "మా యూనిక్సులో కూడా ఇట్లాంటి మార్పిడే జరిగింది మామా, దాని మీద రాయండి" అన్నారు. వాళ్ళను అడిగి, దొరికినవి చదివి, మాకు అర్థమైనంత రాస్తున్నాము. కంప్యూటరు తెలియని పెద్దలు కూడా చదవొచ్చు, బుకింగ్ ఆఫీసు తెలిస్తే చాలు.

ఒక ప్రోగ్రాము నడుస్తోందంటే ఒక బుకింగ్ ఆఫీసు తెరిచినట్టు. లోపల నలుగురు క్లర్కులు ఒకే రిజిస్టర్లు, ఒకే క్యాష్ పెట్టె వాడుకుంటూ ఒకేసారి పని చేస్తారు చూడండి, ఆ ఒక్కో క్లర్కే ఒక థ్రెడ్. మేము చదివింది తమిళ మీడియం. అక్కడ దీన్ని ఇళై అంటారు, మనకు పోగు. ఈ పోగులను పుట్టించి, వంతులు వేసి, ఒకరి చేతిలో ఉన్న రిజిస్టరు ఇంకొకరు లాక్కోకుండా చూసేదే థ్రెడ్ లైబ్రరీ.

ఇక్కడ అసలు తగాదా ఒకటుంది. ఈ క్లర్కుల పేర్లు మస్టర్ రోల్‌లో ఉండాలా, అక్కరలేదా? మస్టర్ రోల్ అంటే కెర్నల్, ఆపరేటింగ్ సిస్టం గర్భగుడి. ఫ్రీబీఎస్‌డీలో మొదట ఉన్న లిబ్‌సీ‌ఆర్ అనే లైబ్రరీలో హెడ్ క్లర్కు పేరు ఒక్కటే రోల్‌లో ఉంటుంది. కింద పదిమంది ఉన్నా పైవాళ్ళకు తెలియదు. అందరి జీతం ఆయన పేరు మీదే. ఖర్చు తక్కువ, కానీ ఆయన డిస్కు దగ్గర ఒక ఫైలు కోసం నిలబడితే పదిమందీ చేతులు కట్టుకుని కూర్చోవాలి. యంత్రంలో రెండో ప్రాసెసర్ ఉన్నా పనికిరాదు, ఒక పేరుకు ఒక కుర్చీయే ఇస్తారు గదా.

రెండో పద్ధతి ప్రతి క్లర్కునూ రోల్‌లోకి ఎక్కించడం. మూడోది మధ్యేమార్గం. కొన్ని పోస్టులు మంజూరు చేయించుకుని, వాటి మీద ఎక్కువమందిని లైబ్రరీయే మార్చి మార్చి కూర్చోబెట్టడం. 1991లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీని మీద రాసిన పత్రం చూసి చాలామంది పెద్దవాళ్ళు ముచ్చటపడ్డారు. కాగితం మీద మూడోదే అందరికన్నా తెలివైనది. కాగితం మీద తెలివైన డ్యూటీ చార్టులు మేమూ చాలా చూశాము.

లైబ్రరీ మార్చడం అసలు ఎలా సాధ్యమైందంటే, 1995లో పోసిక్స్ థ్రెడ్స్ అనే ప్రమాణం వచ్చింది. ప్రోగ్రాము రాసేవాడు నింపే ఫారం అందరికీ ఒకటే అయింది. ఫారం మారకపోతే కౌంటరు వెనక ఆఫీసు మార్చినా ప్రయాణికుడికి పట్టదు. యూనిక్సులో ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడే లింకర్ అనేవాడు కావలసిన లైబ్రరీని వెతికి తగిలిస్తాడు. కాబట్టి ప్రోగ్రామును తిరగరాయకుండానే, ఫలానా దానికి బదులు ఫలానాది తగిలించు అని వాడికి చెప్పొచ్చు.

సోలారిస్ వాళ్ళు 2000లో 8వ వెర్షనులో ఇదే చేశారు. పాత మధ్యేమార్గం లైబ్రరీ అట్లే ఉంచి, ఒక్కొక్కరికి ఒక్కో పోస్టు ఇచ్చే కొత్తదాన్ని పక్క డైరెక్టరీలో పెట్టారు. ఇష్టమైనవాళ్ళు దారి మార్చి వాడుకున్నారు. 2002లో 9వ వెర్షను వచ్చేసరికి కొత్తదే అసలుది అయింది.

లినక్సు కథ వేరు. గ్జేవియర్ లెరాయ్ రాసిన లినక్స్‌థ్రెడ్స్ ప్రతి పోగునూ రోల్‌లో ఎక్కించేది గానీ, ఒక ఆఫీసు సిబ్బందిగా కాదు, ఒక్కొక్కరినీ ఒక్కో ఆఫీసుగా. ఒకే ప్రోగ్రాములోని పోగులకు వేర్వేరు ప్రాసెస్ నంబర్లు. ఆఫీసుకని పంపిన సిగ్నల్ ఎవరికి చేరుతుందో గొడవ. దీన్ని సరిచేయడానికి ఐబీఎం వాళ్ళు మధ్యేమార్గం పద్ధతిలో ఎన్‌జీపీటీ మొదలుపెట్టారు. రెడ్ హ్యాట్‌లో ఉల్రిచ్ డ్రెపర్, ఇంగో మోల్నార్ 2002లో ఎన్‌పీటీఎల్ ప్రకటించారు. పోగుకు ఒక పోస్టు, అంతే, దాపరికం లేదు. తెలివి చూపవలసింది లైబ్రరీలో కాదు, కెర్నల్‌నే బాగు చేయాలన్నారు. లక్ష పోగులు పుట్టించి ముగించడానికి ముందు పావుగంట పట్టేది, ఇందులో 2 సెకన్లు. 2003లో ఎన్‌జీపీటీ పని ఆగిపోయింది.

అయితే పాత లైబ్రరీ వంకర నడకను నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు ఉన్నాయే, వాటి గతి? డబ్బిచ్చి కొన్నవి, సోర్సు చేతిలో లేనివి. 2003లో వచ్చిన రెడ్ హ్యాట్ లినక్స్ 9లో అటువంటివి కొన్ని మొరాయించాయి. అందుకని పాతదాన్ని పీకేయకుండా పక్కనే ఉంచారు. ఎల్‌డీ అస్యూమ్ కెర్నల్ అనే వేరియబుల్‌కు 2.4.1 అని రాస్తే, కెర్నల్ పాతదే అనుకుని లింకర్ పాత లైబ్రరీనే తగిలించేవాడు. మా రైల్వేలో గేజు మార్చాలంటే లైను మూసేయాల్సిందే, నెలల తరబడి బస్సులే గతి. వీళ్ళు రెండు గేజులూ పక్కపక్కనే ఉంచి, ఏ బండి దేని మీద పోవాలో బండినే అడిగారు. ఈ వెసులుబాటు మాత్రం మాకు అసూయ కలిగించింది. మూడేళ్ళు గడువిచ్చి, 2006 మార్చిలో జీలిబ్‌సీ 2.4తో లినక్స్‌థ్రెడ్స్ తీసేశారు.

ఫ్రీబీఎస్‌డీలో ఇంకా పద్ధతిగా జరిగింది. 5వ వెర్షను కాలానికి మూడు లైబ్రరీలూ ఒకే ఇంట్లో ఉన్నాయి: పాత లిబ్‌సీఆర్, కేఎస్ఈ అనే మధ్యేమార్గం, జెఫ్ రాబర్సన్ మొదలుపెట్టిన లిబ్‌థర్. ఇక్కడ ఒక ప్రమాదం ఉండేది. ప్రోగ్రాము ఒక లైబ్రరీని అడుగుతుంది, అది వాడుకునే ఇంకో ముక్క వేరే లైబ్రరీని అడుగుతుంది, రెండూ ఎక్కి కూర్చుంటాయి. ఒకే ఆఫీసుకు ఇద్దరు హెడ్ క్లర్కులు. ప్రోగ్రాము పడిపోయేది. దీనికి మందు లిబ్‌మ్యాప్ డాట్ కాన్ఫ్ అనే చిన్న ఫైలు. ఎడమవైపు అడిగిన పేరు, కుడివైపు ఇవ్వవలసిన పేరు, అంతే. పైన చదరపు బ్రాకెట్లలో ప్రోగ్రాము పేరు రాస్తే ఆ ఒక్కదానికే వర్తిస్తుంది. మైఎస్క్యూఎల్‌ను మాత్రం లిబ్‌థర్ మీద నడిపి చూసి, నచ్చకపోతే ఆ వరుస చెరిపేసి ఊరుకోవచ్చు. ఎవరి పెత్తనమూ అక్కరలేదు.

ఇట్లా జనం నడిపి చూసినందువల్లే తగాదా తేలిందని మా అభిప్రాయం. కేఎస్ఈ మీద సమర్థులు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు, అది చిన్న విషయం కాదు. కానీ ప్రాసెసర్లు పెరిగేకొద్దీ దాని లెక్కలు చిక్కుపడ్డాయి. 2008 ఫిబ్రవరిలో 7.0 వచ్చినప్పుడు లిబ్‌థర్‌నే అసలుదిగా పెట్టారు, ఆ తర్వాత 8.0కి కేఎస్ఈని కెర్నల్ నుంచి తీసేశారు. నెట్‌బీఎస్‌డీ కూడా 2009లో 5.0తో మధ్యేమార్గం వదిలి అదే దారి పట్టింది.

మన పిల్లల్లో ఒకడు ఇప్పటి లినక్సులో ఆ లైబ్రరీ చూపించమంటే నవ్వాడు. 2021 ఆగస్టులో జీలిబ్‌సీ 2.34తో దాన్ని అసలు సీ లైబ్రరీలోనే కలిపేశారట. పాత ప్రోగ్రాములు వచ్చి అడుగుతాయని ఆ పేరుతో ఖాళీ ఫైలు ఒకటి మాత్రం ఉంచారు. ఫ్రీబీఎస్‌డీలో లిబ్‌మ్యాప్ ఫైలు ఇంకా ఉంది, ఇప్పుడు వేరే లైబ్రరీలు మార్చుకోవడానికి వాడుకుంటున్నారు.