హ్యాండ్‌బ్రేక్ పట్టేస్తే తప్పు ఉప్పుగాలిదేనా?

గోదావరి డెల్టాలో కారు హ్యాండ్‌బ్రేక్ పట్టేసిందంటే నింద ముందు ఉప్పుగాలి మీద, ఆ తర్వాత వానల మీద పడుతుంది. కాకినాడ నుంచి నరసాపురం దాకా సముద్రం పక్కనే ఉంది కనుక ఆ మాటను కొట్టెయ్యలేం. అయినా చెమ్మకంటే, హ్యాండ్‌బ్రేక్ లాగకుండా వదిలేసే, ఈ నేల నేర్పిన అలవాటుకే ఇందులో పెద్ద వాటా ఉందనిపిస్తుంది. ఆ అలవాటుకు మూలం కార్లకంటే పాతది. ఇంజినీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, పొలాలకు నీళ్లు తెచ్చిన కాలవల మీదే సరుకులూ మనుషులూ ప్రయాణించారు. వాలు స్వల్పం కాబట్టే లాకుల సాయంతో అవి పడవదారులయ్యాయి. ఇంత చదునైన నేల మీద ఆపిన బండి దానంతటది కదలదు. ఏటిగట్టు ఎక్కేచోట, వంతెన మొగలో, సఖినేటిపల్లి వంటి రేవులో పంటు ఎక్కించేచోట తప్ప వాలు కనపడదు. అక్కడ కూడా చక్రం కింద ఇటుక పెట్టి, కారును గేర్లో వదిలేస్తే పని జరిగిపోతుంది.

డ్రమ్ బ్రేకుల కాలంలో ఈ నిర్లక్ష్యం చెల్లిపోయింది. 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌లోనైనా, ఆ తర్వాతి చిన్న కార్లలోనైనా, వెనక చక్రంలో పెడల్ నెట్టే షూలనే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కూడా లాగుతుంది. లీవరు ముట్టకపోయినా షూలు రోజూ కదులుతూనే ఉంటాయి. వెనక డిస్కులు వచ్చాక ఈ పొత్తు చెడింది. చాలా మోడళ్లలో కేబుల్, డిస్కును ప్యాడ్లతో బిగించే కాలిపర్ మీది చిన్న లీవరును లాగుతుంది. దాని షాఫ్టు తిరిగి, లోపలి మరద్వారా పిస్టన్‌ను నెడుతుంది. పెడల్ తొక్కితే పిస్టన్ కదులుతుంది గానీ ఆ షాఫ్టు తిరగదు. నెలల తరబడి తిరగని షాఫ్టు దగ్గర రబ్బరు సీలు చిట్లితే నీరు చేరి తుప్పు పడుతుంది. ఒకరోజు హ్యాండ్‌బ్రేక్ లాగితే ఆ చిన్న లీవరు వెళ్తుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి తేలేదు. ప్యాడ్లు డిస్కును రాసుకుంటూ చక్రం వేడెక్కుతుంది.

ఒకే నీటిలో తడిసిన ఒకే కాలిపర్‌లో రోజూ కదిలే పిస్టన్ బాగుండి, కదలని షాఫ్టు పట్టేస్తే కారణం నీరొక్కటే ఎలా అవుతుంది? పిస్టన్‌కు సీలు మెరుగు, దాన్ని నెట్టే ద్రవం బలమూ ఎక్కువ అనవచ్చు. నిజమే, కానీ సీలు బలహీనమైనదాన్నే కదా ఎక్కువగా కదుపుతూ ఉండాలి! వాన నీటిలో తడిసిన బండికి హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే ప్యాడ్లు డిస్కుకు అతుక్కుంటాయన్నది మరో అభ్యంతరం. రోజుల తరబడి నిలిపే బండికి ఆ జాగ్రత్త సరైనదే, అప్పుడు గేరూ ఇటుకే మేలు. రోజూ తిరిగే బండికి మాత్రం ఆ సాకు చెల్లదు. 1986 ఆగస్టు గోదావరి వరద లాంటి నీళ్లలో మునిగిన బండి సంగతి వేరు, లోపలికి ఒండ్రు చేరుతుంది కనుక కాలిపర్ విప్పి చూడాల్సిందే.

జబ్బు ఎక్కడుందో తేల్చడం కష్టం కాదు. ముందు చక్రాలకు అడ్డుపెట్టి, వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, హ్యాండ్‌బ్రేక్ వదిలి తిప్పి చూడాలి. బిగువుగా ఉంటే కాలిపర్ దగ్గర కేబుల్ కొస విప్పాలి. కాలిపర్ లీవరు పూర్తిగా వెనక్కి వచ్చి చక్రం వదులైతే తప్పు కేబుల్‌ది, లేదా దాన్ని అతిగా బిగించినవారిది. లీవరు రాకపోతే షాఫ్టుది. లీవరు వచ్చినా చక్రం తిరగకపోతే స్లైడ్ పిన్నులనో పిస్టన్‌నో బ్రేకు గొట్టాన్నో అనుమానించాలి. ఈ పరీక్ష చెయ్యకుండా కేబుల్ బిగిస్తే జబ్బు ముదురుతుంది: లీవరు పూర్తిగా వెనక్కి రాకపోతే కాలిపర్ లోపలి సర్దుబాటు సరిగా పనిచెయ్యదు.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కారుకు పెడల్ బ్రేకుతోపాటు విడిగా పార్కింగ్ బ్రేకూ ఉండాలన్నాయి. నిబంధన బ్రేకును పెట్టించగలదు గానీ లీవరు లాగించలేదు. బండి ఆపగానే మోటారుతో వాటంతటవే పడే ఎలక్ట్రిక్ బ్రేకులు డ్రైవరు అలవాటును పక్కకు నెడుతున్నాయి. అవి వచ్చేదాకా కేబుల్ కారున్న డెల్టావాసి చెయ్యాల్సింది ఒక్కటే: వాలు లేకపోయినా రోజూ ఒకసారి లీవరు లాగి వదలడం.