సాబు ఎక్కిన ఏనుగును పట్టిందెవరు?

ఏనుగు మెడ మీద కూర్చున్న పదేళ్ళ పిల్లవాడి బొమ్మ చాలా పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. అడవి, ఏనుగు, పిల్లవాడు. వాళ్ళ పక్కన ఇంకెవరూ ఉండరు. మా బడి పిల్లలకు ఆ బొమ్మ చూపిస్తే వాళ్ళు నవ్వరు. మా పార్వతీపురం మన్యంలో 2018 నుంచి ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపు తిరుగుతోంది. ఏనుగంటే వాళ్ళకు తొక్కిన వరి, విరిగిన అరటి, రాత్రంతా మంట వేసుకుని మేలుకున్న నాన్న. అందుకే ఏడో తరగతి పిల్లవాడు ఒకడు ఆ బొమ్మ చూసి, "సార్, ఈ ఏనుగును ముందు ఎవరు పట్టారు?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత వెతుక్కున్నాను. ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

ఆ బొమ్మకు మూలమైన అసలు పిల్లవాడు ఒకడున్నాడు. పేరు సాబు. 1924 జనవరి 27న మైసూరు సంస్థానంలో, కబిని నది దగ్గర కారాపూర్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి మైసూరు మహారాజు ఏనుగుశాలలో మావటి. తల్లిదండ్రులు అతని చిన్నతనంలోనే పోయారు. ఏనుగుశాల మీదే ఆధారపడి పెరిగాడు. 1935 ప్రాంతంలో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికన్ దర్శకుడు లండన్ కంపెనీ తరఫున సినిమా తీయడానికి మైసూరు వచ్చాడు. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో అచ్చేసిన 'జంగిల్ బుక్'లో తూమాయ్ అనే మావటి కొడుకు కథ ఉంది. దాన్నే సినిమాగా తీయాలి. పిల్లవాడి కోసం వెతుకుతుంటే ఏనుగుశాలలో సాబు కనిపించాడు. ఏనుగు దగ్గర భయం లేదు, కెమెరా ముందు కూడా భయం లేదు. 'ఎలిఫెంట్ బాయ్' 1937లో వచ్చింది. ఆ ఏడు వెనిస్ చిత్రోత్సవంలో దర్శకత్వానికి బహుమతి కూడా వచ్చింది.

తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. సాబును, అతని అన్నను లండన్ తీసుకుపోయారు. అక్కడ చదువు, మరిన్ని సినిమాలు, ఆ తర్వాత అమెరికా. 1944లో అమెరికా పౌరుడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశపు బాంబర్ విమానంలో తోక వైపు తుపాకీ పట్టుకుని కూర్చున్నాడు, పతకం పొందాడు. 1963 డిసెంబరు 2న గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి అతనికి 39 ఏళ్ళు. పేరు విషయంలో కూడా ఒక చిక్కు ఉంది. కొన్నిచోట్ల సేలార్ షేక్ సాబు అని, కొన్నిచోట్ల సాబు దస్తగిర్ అని ఉంటుంది. దస్తగిర్ అన్నది నిజానికి అన్న పేరు. ప్రపంచమంతా పోస్టర్ల మీద చూసిన పిల్లవాడికే కాగితాల్లో ఒక స్థిరమైన పేరు లేకపోతే, అతని వెనక ఉన్నవాళ్ళ సంగతి ఊహించుకోవచ్చు.

సాబు ఆదివాసీ కాదు, ముస్లిం మావటి కుటుంబంలో పుట్టాడు. ఈ మాట స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్ళు కొందరు ఉత్సాహంలో అతన్ని 'ఆదివాసీ బాలుడు' అనేస్తారు. అతన్ని మనవాడిగా చేసుకోనక్కరలేదు. మన ప్రశ్న వేరు. మహారాజు ఏనుగుశాలలోకి ఆ ఏనుగులు ఎక్కడినుంచి వచ్చాయి?

వచ్చింది కాకనకోటె అడవి లాంటి చోట్లనుంచి. కారాపూర్‌కు దగ్గరే. ఆ అడవిలో జేను కురుబలు, బెట్ట కురుబలు ఉంటారు. జేను అంటే కన్నడంలో తేనె, బెట్ట అంటే కొండ. వాళ్ళ ఊరును హాడి అంటారు. మన దగ్గర చెంచులు ఎలాగో కర్ణాటకలో జేను కురుబలు అలాగ. వాళ్ళను కూడా ప్రభుత్వం పీవీటీజీల జాబితాలో పెట్టింది. ఏనుగు ఎక్కడ నీళ్ళు తాగుతుంది, ఏ నెలలో ఏ వెదురు తింటుంది, పిల్లలున్న గుంపు ఏ దారి వదిలి ఏ దారిన పోతుంది అన్నది వాళ్ళకు పుస్తకం అక్కరలేని చదువు.

మైసూరులో ఏనుగులను గుంపులు గుంపులుగా పట్టే పద్ధతికి ఖెడ్డా అని పేరు. దాన్ని అక్కడ మొదటిసారి సఫలం చేసినవాడిగా చరిత్రలో జి.పి. శాండర్సన్ పేరు ఉంది. ఇతను నీటిపారుదల శాఖలో ఇంగ్లిష్ ఉద్యోగి. 1874లో చామరాజనగర్ వైపు ఖెడ్డా చేశాడు, 1878లో తన అనుభవాలు పుస్తకంగా వేశాడు. అందులో ఒక తమాషా సంగతి ఉంది. అంతకు సుమారు వందేళ్ళ ముందు హైదర్ అలీ కూడా ఇలాగే ప్రయత్నించి విఫలమయ్యాడట. ఇకపై ఎవరూ పట్టలేరని, పట్టబోయినవాడికి శాపం తగలాలని రాయి మీద చెక్కించాడట. అంటే సైన్యం ఉన్న హైదర్ అలీకి చేతకాని పని, కాలవలు చూసుకునే ఉద్యోగికి చేతనైంది. ఎలా? శాండర్సన్ రాతల్లోనే జవాబు ఉంది. జాడ తీసేవాళ్ళుగా కురుబలు, సోలిగలు ఆ పుస్తకంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తారు. కిప్లింగ్ కథలో ఏనుగులు పట్టే పీటర్సన్ సాహెబ్ అనే పాత్ర ఉంది. అది ఈ శాండర్సన్‌ను చూసి అల్లినదేనని చాలామంది అంటారు. ఆ కథలో కూడా అడవి తెలిసిన జాడగాడు ఒకడున్నాడు, మాచువా అప్ప. కానీ సినిమా పేరు అతని మీద రాలేదు.

ఖెడ్డా ఎలా జరిగేదో పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళు ఊపిరి బిగపట్టి విన్నారు. ముందు జాడ తీసేవాళ్ళు గుంపును కనిపెట్టాలి. లద్దె ఎంత వెచ్చగా ఉంది, విరిచిన కొమ్మ నుంచి ఇంకా రసం కారుతోందా, బురదలో అడుగు అంచు ఎండిందా తడిగా ఉందా అన్నవి చూసి గుంపు ఎంత దూరంలో ఉందో చెప్పాలి. తర్వాత వందల మంది మైళ్ళ పొడవున గుంపు చుట్టూ వలయంగా నిలబడతారు. రాత్రిళ్ళు వలయం పొడవునా మంటలు. రోజుల తరబడి అదే కాపలా. ఒక్కచోట మనిషి కునుకు తీస్తే గుంపు అటునుంచే పోతుంది, ఆ మనిషి మీదుగా. చివరికి డప్పులు, వెదురు చప్పట్లు, తుపాకుల మోతతో గుంపును నది వైపు తరుముతారు. కాకనకోటెలో ఏనుగులను కబిని నదిలోకి దింపి ఈదించి, అవతలి గట్టున కట్టిన పెద్ద కొయ్యల దొడ్డిలోకి తోలేవారు. తలుపు దబ్బున పడుతుంది. ఇక ఆ దొడ్డిలోకి కుంకీలు, అంటే మాలిమి చేసిన ఏనుగులు దిగుతాయి. వాటి మధ్యనుంచి మనుషులు కిందికి జారి, అడవి ఏనుగు వెనక కాళ్ళకు తాడు వేయాలి. ఖెడ్డా మొత్తంలో అంతకన్నా ప్రాణం మీదికి తెచ్చే పని లేదు.

చుట్టూ మంచెలు కట్టి వైస్రాయిలనూ యువరాజులనూ కూర్చోబెట్టి ఇదంతా చూపించేవారు. ఫోటోల్లో టోపీలు, గొడుగులు, విందు బల్లలు ఉంటాయి. తాడు వేసినవాడు ఫోటోలో ఉన్నా, కింద పేరు ఉండదు. పట్టిన ఏనుగుల్లో కొన్ని రాజు దగ్గర ఉండేవి, మిగిలినవి వేలంలో దేవాలయాలకు, జమీందార్లకు, కలప మోయించేవాళ్ళకు పోయేవి. దెబ్బలు తగిలి చచ్చిపోయిన ఏనుగులు కూడా తక్కువేమీ కాదు. తల్లినుంచి విడిపోయిన గున్నలు ఉండేవి. ఈ పనిలో మనవాళ్ళ నేర్పు ఉందని గర్వపడేటప్పుడు ఈ మాట దాచిపెట్టకూడదు. అడవితో అంత కాలం కలిసి బతికిన మనుషులను అడవి జంతువుల మీదికే తోలారు. కూలి ఎంత ఇచ్చారో, వద్దనే వీలు ఎంత ఉండేదో కూడా అడగాలి. 'ఎలిఫెంట్ బాయ్' సినిమాలో ఏనుగుల గుంపులు కనిపించే దృశ్యాలు మైసూరు అడవిలో మహారాజు సహాయంతో తీసినవే. తెర మీద ఉన్నది సాబు. ఆ గుంపులను తోలుకొచ్చిన చేతులు తెరకు బయట ఉన్నాయి.

కాకనకోటెలో చివరి ఖెడ్డా 1971లో జరిగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1974కల్లా కబిని మీద ఆనకట్ట పూర్తయింది. ఖెడ్డా జరిగిన నేల, ఏనుగులు ఈదిన రేవు, కొన్ని హాడిలు నీళ్ళ కిందికి పోయాయి. పక్కనున్న నాగరహొళె అభయారణ్యం పెరిగి జాతీయ ఉద్యానవనమైంది, తర్వాత పులుల అభయారణ్యం కూడా అయింది. డెబ్బైలు, ఎనభైలలో జేను కురుబ కుటుంబాలను లోపలినుంచి బయటికి పంపారు. ఎన్నో కుటుంబాలు కాఫీ తోటల్లో కూలీలయ్యాయి. నల్లమలలో ఏం జరిగిందో తెలిసిన టీచర్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే అందరినీ పంపలేదు. ఏనుగులను చూసుకునేవాళ్ళు కావాలి కదా. బళ్ళె, మత్తిగోడు, దుబారె లాంటి ఏనుగు శిబిరాల్లో మావటులుగా, కావడులుగా కురుబలను ఉంచారు. కావడి అంటే మావటికి సహాయకుడు. ఒకే తెగవాడు ఏనుగు మెడ మీద ఉంటే అడవిలో ఉండవచ్చు, నేల మీద ఉంటే ఆక్రమణదారు అన్నట్టు తయారైంది.

అభయారణ్యంలో తన ఏనుగుతో బతికే పిల్లవాడు నిజంగా ఉన్నది ఈ శిబిరాల్లోనే. అతని రోజు సినిమా లాగ ఉండదు. రాత్రి ఏనుగును మేతకు అడవిలోకి వదిలేస్తారు, కాలికి పొడవాటి గొలుసు ఉంటుంది. పొద్దున్నే నాన్న వెనక నడుస్తూ గొలుసు ఈడ్చిన గీతను పట్టుకుని ఏనుగును వెతకాలి. దొరికాక నదికి తీసుకుపోయి పక్కకు పడుకోబెట్టి రాయితో, పీచుతో రుద్దాలి. చెవి వెనక, గోళ్ళ సందుల్లో పుండు ఉందేమో చూడాలి. రాగి ముద్దలు, బెల్లం తినిపించాలి. అరవై ఏళ్ళు బతికే జంతువు కాబట్టి ఒక్కోసారి తాత చూసుకున్న ఏనుగే మనవడి చేతికి వస్తుంది. ఏనుగు కోపం ముందుగా చెవుల్లో కనిపిస్తుందా, తొండంలో కనిపిస్తుందా అన్నది ఆ పిల్లవాడికి తెలుసు. బడి హాజరు పట్టీలో మాత్రం అతని పేరు ఎదురుగా ఎక్కువ సున్నాలే ఉంటాయి. టీచరుగా నాకు గుచ్చుకునేది ఈ సున్నాలే. అతను ఆ రోజు ఏమీ నేర్చుకోలేదని మన పట్టీ చెబుతుంది.

అలాంటి ఏనుగుల్లో ఒకటి అర్జున. 1968లో కాకనకోటె అడవిలో ఖెడ్డాలో పట్టారు. బళ్ళె శిబిరంలో ఉండేది. మైసూరు దసరాలో 750 కిలోల బంగారు అంబారీని ఎనిమిదిసార్లు మోసింది. 2023 డిసెంబరు 4న హాసన్ జిల్లాలో ఒక అడవి ఏనుగును పట్టే పనిలో దానితో తలపడి చనిపోయింది. శవం మీద పడి మావటి ఏడ్చిన ఏడుపు టీవీల్లో అందరూ చూశారు. ఖెడ్డా కాలం మనకు ఎంత దగ్గరిదో అప్పుడే నాకు అర్థమైంది. సాబు పుట్టిన ఊరి అడవిలో దొరికిన ఏనుగు మొన్నటిదాకా బతికే ఉంది.

అదే ఏడు మార్చిలో తమిళనాడు ముదుమలైలోని తెప్పకాడు శిబిరం మీద తీసిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' చిత్రానికి ఆస్కార్ వచ్చింది. రఘు అనే అనాథ గున్నను పెంచిన బొమ్మన్, బెల్లి అనే కాట్టునాయకన్ దంపతుల కథ అది. సాబు సినిమా నుంచి ఇక్కడికి రావడానికి 86 ఏళ్ళు పట్టింది. ఈసారి ఏనుగును చూసుకునే ఆదివాసీలకు కనీసం పేర్లు ఉన్నాయి.

2025 మేలో రెండు సంగతులు జరిగాయి. కర్ణాటక ప్రభుత్వం మన ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు కుంకీ ఏనుగులను ఇచ్చింది. చిత్తూరు వైపు కౌండిన్య అడవి అంచున పొలాల మీద పడే ఏనుగులను మళ్ళించడానికి వాటిని పలమనేరు తీసుకొచ్చారు. అదే నెలలో యాభైకి పైగా జేను కురుబ కుటుంబాలు నాగరహొళె లోపల తమ పాత ఊరు కరడికల్లు అత్తూరుకొల్లికి తిరిగి వెళ్ళాయి. అటవీ హక్కుల చట్టం, 2006 కింద తమ నేల తమదని చెప్పి అక్కడ గుడిసెలు వేసుకున్నాయి. మొదటి వార్త మన పత్రికల్లో ఫోటోలతో వచ్చింది. రెండోది నేను వెతికి చదవాల్సి వచ్చింది. ఏనుగులకు లారీలు, దండలు, స్వాగతం దొరికాయి. ఊరికి తిరిగొచ్చిన మనుషుల ఎదుట అటవీ సిబ్బంది, పోలీసులు నిలబడ్డారు.

మా వైపు కూడా ఏనుగుల జాడ తీయడానికి అటవీ శాఖ రోజు కూలికి మనుషులను పెట్టుకుంటుంది. వాళ్ళు మన ఊళ్ళవాళ్ళే. గుంపు ఏ గూడెం వైపు కదిలిందో రాత్రి ఫోన్ చేసి చెప్పేది వాళ్ళే. ప్రశ్న అడిగిన పిల్లవాడి మేనమామ కూడా ఆ పనే చేస్తాడని తర్వాత తెలిసింది. అందుకే కాబోలు ఆ ప్రశ్న వాడికే తట్టింది.

ఇప్పుడు ఏడో తరగతివాళ్ళకు ఒక పని ఇచ్చాను. ఏనుగులు వచ్చిన రాత్రుల్లో ఎవరు జాడ తీశారు, ఎవరు కాపలా ఉన్నారు, ఎవరు ఊరిని లేపారు అన్నది ఇంట్లో అడిగి, పేరు, ఊరు, తేదీ రాసుకురావాలి. వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నాం. అట్ట మీద ఏం రాయాలో ఇంకా తేలలేదు. లోపల మొదటి పేజీలో మాత్రం ఆ మేనమామ పేరు ఉంది. కింద మేనల్లుడి చేతిరాతతో ఒక వాక్యం: లద్దె వెచ్చగా ఉందని మామే మొదట చెప్పాడు.