అంచు ఎంచుకున్న మగ్గం

గద్వాల చీర మరమగ్గం మీదికి ఎందుకు పూర్తిగా వెళ్లలేదని అడిగితే రెండు జవాబులు వినిపిస్తాయి. నేతగాళ్లు తాతల పద్ధతిని వదలలేదని ఒకటి, కొత్త యంత్రం కొనే స్తోమత లేదని ఇంకొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది కానీ, అసలు కారణం అవి కావు. పాలమూరు ప్రాంతంలోని గద్వాల, రాజోలి, అయిజ, కొత్తకోట, అమరచింత ఊళ్ల మగ్గాలను చూస్తే, నేతగాళ్లు కొన్ని పనిముట్లను తీసుకుని కొన్నింటిని పక్కన పెట్టారని తెలుస్తుంది. ఏది పనికొస్తుందో తేల్చింది చీర అంచు.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. పడుగులో పట్టు పోగులు ఉంటే సరిపోదు. అంచులో పేక కూడా పట్టుదే కావాలి, లేకపోతే ఒంటి రంగు నూలు అడ్డంగా పడి అంచు రంగు మాసినట్టు కనిపిస్తుంది. అందుకే ఒంటినీ అంచునూ వేరువేరు పేకలతో నేసి కలిపే కుప్పడం నేతలో మూడు నాడెలు నడుస్తాయి: ఒంటికి ఒకటి, రెండంచులకు రెండు. ఒంటి పేక అంచు దాకా వచ్చి, అక్కడ అంచు పేకతో మెలిక పడి వెనక్కి మళ్లుతుంది. ప్రతి వరసలోనూ ఆ మెలిక పడాలి. ఒక్కటి తప్పినా ఒంటికీ అంచుకూ మధ్య సన్నని చీలిక మిగులుతుంది. 1733లో జాన్ కే తెచ్చిన ఎగిరే నాడె వేగమంతా ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క పరుగున పోవడంలోనే ఉంది. మరమగ్గం నిలిచింది కూడా ఆ సూత్రం మీదే. మధ్యలో రెండు చోట్ల ఆగి మెలిక వేసుకునే చీరకు ఆ పరుగు అక్కరకు రాదు.

ఇది వెనుకబాటుకు మర్యాదైన పేరు పెట్టడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. కాదనడానికి జాకార్డే సాక్ష్యం. ఫ్రాన్సులో 1804 ప్రాంతంలో పుట్టిన ఆ పరికరం ఇప్పుడు గద్వాల మగ్గం నెత్తిన కూర్చుంది. దానికి తగిలించిన అట్టలో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. పువ్వుకు ఏ పోగు ఎత్తాలో ప్రతిసారీ మనిషి చూసుకోనక్కర్లేదు. అంచు కలపడాన్ని అది ముట్టుకోదు కాబట్టి చోటు దొరికింది. కొత్తదనమంటే భయమే ఉంటే జాకార్డు కూడా గడప దాటేది కాదు.

మరమగ్గం మీద గద్వాల పోలిక చీరలు వస్తున్నాయి కదా అన్నది రెండో ఆక్షేపణ. వస్తున్నాయి, చవకగానే. కానీ వాటిలో చాలావాటికి ఒకే పేక కొస నుంచి కొసకు పోతుంది, అంచు మెరుపు పడుగు రంగుతో, అదనపు జరీతో తెచ్చింది. తిరగేసి చూస్తే తేడా తెలుస్తుంది. కొన్ని రకాలను చేమగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది, గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపూ దక్కింది. అయితే చట్టం పేరును కాపాడగలదే గానీ కొనేవారి కంటికి తేడా చూపించలేదు.

గట్టి ఆక్షేపణ మూడోది: మూడు నాడెల పని నిదానం, సాయానికి ఇంకొక మనిషి కావాలి, ఆ పనికి దక్కే కూలి చూసి పిల్లలు మగ్గం ఎక్కడం లేదు. దీన్ని కొట్టిపారేయలేం. కానీ దీనికి మందు మరమగ్గమే అనుకోవడం తొందరపాటు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం పోచంపల్లి నేత కోసం చేసిన ఆసు యంత్రం మగ్గాన్ని తాకలేదు. దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ ఆడవాళ్ల భుజాలు పడిపోయేలా చేసే ఆసు పోయడాన్ని మాత్రమే తన మీదికి తీసుకుంది. గద్వాలకూ ఆ వివేకమే కావాలి. జాకార్డు ఎత్తే బరువును మోటారుకు ఇవ్వవచ్చు, అట్టల పనిని ఎలక్ట్రానిక్ బోర్డుకు అప్పగించవచ్చు. సబ్సిడీ మీద ఏ పరికరం ఇచ్చినా, అది నేతగాడి శ్రమ తగ్గిస్తోందా, చీరలోంచి మెలికను తీసేస్తోందా అని ముందు చూడాలి. మెలిక పోతే మిగిలేది మరమగ్గం అంతకంటే చవకగా నేయగలిగిన గుడ్డ, ఆ పోటీలో గద్వాల గెలవలేదు.