నెత్తురు లేని జన

సెప్టెంబరు చివరి వారం, వాషింగ్టన్ రాష్ట్రంలో కౌలిట్జ్ నది. ఆడ చినూక్ సాల్మన్ ఒకటి ఇప్పుడే ఒడ్డున పడింది. వీపు మీద, తోకకు దగ్గరగా ఉండాల్సిన చిన్న రెక్క లేదు. అంటే హేచరీలో వదిలిన చేప, ఇంటికి తీసుకెళ్లొచ్చు. పట్టినాయన తల మీద ఒక్క దెబ్బ వేసి, వెంటనే మొప్పలు కోసి, తాడు కట్టి నీళ్లలోకి దించాడు. నెత్తురంతా ఇప్పుడే పోవాలి. ఈ చేప గుడ్లతో, అంటే జనతో చేసే ఎర మంచిదవుతుందో లేదో తేలేది ఇక్కడే. జనలో నెత్తురు నిలిచిపోతే ఆ తర్వాత ఏ పొడి చల్లినా దాన్ని నిలబెట్టలేదు.

సాయంత్రం గ్యారేజీలో బల్ల మీద కాగితాలు పరిచారు. పొట్ట చీలిస్తే రెండు తిత్తులు, పల్చటి పొరలో బఠాణీ గింజలంత నారింజ రంగు గుడ్లు. గోదావరికి ఎదురీదే పులస జనను పులుసులోకి తప్ప మరో పనికి వాడాలని మనకు తోచదు. ఇక్కడ దీంతోనే ఇంకో సాల్మన్‌ను పిలుస్తారు. ఏట్లోకి వచ్చాక అది మేత మానేస్తుంది, అయినా గుడ్ల ముద్ద కనిపిస్తే నోట పట్టుకుంటుంది.

కుళాయి దగ్గరకు వెళ్లకండి. మంచినీళ్లు తగిలితే గుడ్డు గట్టిపడిపోతుంది. చెంచా అంచుతో నెత్తురు నాళాలను మెల్లగా నొక్కి, కాగితంతో అద్దండి. పొర ఊడకుండా కత్తెరతో రెండు వేళ్ల వెడల్పున ముక్కలు కొయ్యండి. చేతులకు తొడుగులు వేసుకోండి, తర్వాత కలిపే రంగు రోజుల తరబడి వదలదు.

బోరాక్స్, ఉప్పు, పంచదార, రంగు కోసం ఎర్రటి జెల్-ఓ జెలటిన్ పొడి కలిపి, ప్రతి మడతలోకీ చేరేలా చల్లాలి. చాలామంది సోడియం సల్ఫైట్ కూడా వేస్తారు, సాల్మన్ బాగా తగులుతుందని. ఆ రసాయనం ఉన్న ఎర తిని పిల్ల సాల్మన్లు చనిపోతున్నాయని ఆరెగాన్ పరిశోధకులు చూపించారు. రేపటి చేపను చంపే ఎర నాకొద్దు. ఈ బల్ల మీద సల్ఫైట్ డబ్బా లేనందుకు నాకు నిజంగా సంతోషం.

సంచిలో మూసిన గంటకే గుడ్లు ముడుచుకుని, అడుగున ఎర్రటి రసం చేరింది. పారబొయ్యకండి! అప్పుడప్పుడు సంచి తిప్పుతుంటే, మర్నాటికల్లా ఆ రసాన్ని గుడ్లే తాగేస్తాయి, మళ్లీ ఉబ్బి మెరుస్తాయి. జల్లెడ మీద ఆరబెట్టి, వేలికి కాస్త అంటుకునే దశలో మరికొంచెం బోరాక్స్‌లో పొర్లించి, సీసాల్లో ఫ్రీజరుకు. బోరాక్స్ తగిలింది కాబట్టి వంటింటి ఫ్రీజరు మాత్రం కాదు.

ఏట్లో గాలం పైన దారపు ఉచ్చు తెరిచి, ముక్కను పొరతో సహా దూర్చి బిగిస్తారు. ప్రవాహంలో గుడ్ల నుంచి ఎర్రటి పాలు సాగుతూ పోతాయి. గుడ్లు తెల్లబడ్డాయంటే వాసన అయిపోయిందన్నమాట, కొత్త ముక్క పెట్టండి.