కుడి ఎడమల నడుమ చోటుందా? మూడు జిల్లాల సాక్ష్యం

భూపాలపల్లి శాసనసభ స్థానంలో 2014లో గండ్ర సత్యనారాయణరావు భారతీయ జనతా పార్టీ అభ్యర్థి. 2018లో ఆయనే ఆలిండియా ఫార్వర్డ్ బ్లాక్ తరఫున సింహం గుర్తుపై నిలబడ్డారు. 2023లో కాంగ్రెస్ టికెట్‌పై గెలిచారు. మొదటిది కుడి పక్షం. రెండోది సుభాష్ చంద్రబోస్ 1939లో స్థాపించిన పార్టీ, పశ్చిమ బెంగాల్‌లో దశాబ్దాల పాటు వామపక్ష కూటమిలో భాగస్వామి. మూడోది రెండింటికీ నడుమ ఉన్నానని చెప్పుకునే పార్టీ. ఓడిపోయిన ఆ రెండు ఎన్నికల్లోనూ ఆయనకు 50 వేలకు పైగానే ఓట్లు వచ్చాయి.

ఇది చూసి ఇక్కడి, అంటే భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల ఓటరుకు కుడి ఎడమలు పట్టవని, అందరూ నడుమనే ఉన్నారని తేల్చేయడం తేలిక. కానీ సాక్ష్యం అంత దూరం రాదు. 2014లో బీజేపీకి తెలుగుదేశంతో పొత్తు ఉంది కాబట్టి ఆనాటి ఓట్లన్నీ కుడి పక్షం ఓట్లు కావు. 2018లో తెలంగాణలో సింహం గుర్తు చాలాచోట్ల టికెట్ దక్కనివాళ్ల ఆసరా. పక్కనే రామగుండంలో అదే గుర్తుపై గెలిచిన కోరుకంటి చందర్ ఆ వెంటనే టీఆర్ఎస్‌లో చేరారు. ఈ ఉదాహరణ చెప్పేది ఒక్కటే: పార్టీ పేరు చూసి ఓటరు సిద్ధాంతాన్ని అంచనా వేయకూడదు. మధ్యేవాదం ఉందా లేదా అన్నది వేరే దారిలో వెతకాలి.

ఈ ప్రశ్న పాతది. 1789లో ఫ్రెంచి జాతీయ సభలో రాజు అధికారాన్ని సమర్థించినవాళ్లు అధ్యక్షుడికి కుడివైపు, వ్యతిరేకించినవాళ్లు ఎడమవైపు కూర్చోవడంతో ఈ కొలత పుట్టింది. నడుమ కూర్చున్నవాళ్లకు సొంత సిద్ధాంతం ఉందా అన్న అనుమానం కూడా అప్పటి నుంచే ఉంది. ఫ్రెంచి రాజనీతి శాస్త్రవేత్త మారిస్ దువెర్జే 1951లో రాసిన రాజకీయ పార్టీల గ్రంథంలో, నడుమ అనే ధోరణి లేదనీ, ఎడమలోని మితవాదులూ కుడిలోని మితవాదులూ కలిసిన గుంపే ఉందనీ వాదించాడు. ఇటలీ తత్త్వవేత్త నార్బెర్తో బాబియో 1994లో కాస్త జాగ్రత్తగా విడదీశాడు. రెండింటి మధ్య ఖాళీలో నిలిచే నడుమ ఒకటి, రెండింటినీ తనలో కలుపుకోవాలనుకునే నడుమ మరొకటి అన్నాడు. మన దేశంలో రజనీ కొఠారి 1964లో కాంగ్రెస్ వ్యవస్థ గురించి రాసినప్పుడు చూపింది దాదాపు ఈ రెండో రకమే. ఆయన దృష్టిలో కాంగ్రెస్ అన్ని వర్గాల ఒత్తిడినీ లోపలికి తీసుకుని సర్దుబాటు చేసే పార్టీ.

ముందు నాయకులను చూద్దాం. మహబూబాబాద్ జిల్లాలోని గార్ల, బయ్యారం మండలాలు ఇల్లెందు నియోజకవర్గంలో ఉన్నాయి. అక్కడ 2014లో కాంగ్రెస్ తరఫున గెలిచిన కోరం కనకయ్య టీఆర్ఎస్‌లో చేరారు. 2018లో టీఆర్ఎస్ అభ్యర్థిగా ఉన్న ఆయనను కాంగ్రెస్ అభ్యర్థి బానోత్ హరిప్రియ ఓడించారు. ఆమె కూడా టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2023లో కనకయ్య మళ్లీ కాంగ్రెస్ అభ్యర్థిగా వచ్చి హరిప్రియను ఓడించారు. పదేళ్లలో ఇద్దరూ కండువాలు మార్చుకున్నారు. మూడుసార్లూ గెలిచింది మాత్రం కాంగ్రెస్సే.

2024 లోక్‌సభ ఎన్నికల్లోనూ ఇదే తీరు. వరంగల్ స్థానంలో కడియం కావ్య పేరును మొదట ప్రకటించింది బీఆర్ఎస్ (పేరు మార్చుకున్న టీఆర్ఎస్). ఆమె పోటీ నుంచి తప్పుకుని, తండ్రి కడియం శ్రీహరితో పాటు కాంగ్రెస్‌లో చేరి గెలిచారు. అక్కడ బీజేపీ అభ్యర్థి ఆరూరి రమేశ్ అంతకు కొన్ని వారాల ముందు వరకు బీఆర్ఎస్ నాయకుడే. మహబూబాబాద్‌లో బీజేపీ అభ్యర్థి సీతారాం నాయక్ 2014లో టీఆర్ఎస్ ఎంపీ. బీఆర్ఎస్ అభ్యర్థి మాలోత్ కవిత 2009లో కాంగ్రెస్ ఎమ్మెల్యే. స్టేషన్ ఘన్‌పూర్‌లో బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచిన శ్రీహరితో సహా పదిమంది ఎమ్మెల్యేల ఫిరాయింపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌ను ఆదేశించింది.

ఈ మార్పులను మధ్యేవాదం అనవచ్చా? అనలేం. నడుమ నిలవడం ఒక సిద్ధాంతమైతే, అధికారం చేతులు మారినప్పుడు కూడా అది కదలకుండా ఉండాలి. ఇక్కడ కదలికలు ఎక్కువగా అధికార పార్టీ వైపే జరిగాయి. తన విధానం ఫలానా విషయంలో మారిందని చెప్పి పార్టీ మారినవాళ్లు అరుదు. నియోజకవర్గ అభివృద్ధి కోసమే అన్న మాట ఎప్పుడూ వినిపించేదే.

ఓటరు సంగతి ఇంత సూటిగా తేలదు. ఇల్లెందులో మూడుసార్లు కాంగ్రెస్ గెలిచింది కాబట్టి అవే కుటుంబాలు మూడుసార్లు కాంగ్రెస్‌కు వేశాయని అనుకోవడానికి లేదు. నియోజకవర్గం మొత్తం లెక్క వ్యక్తి మనసును చూపదు. పైగా ఇదే ఇల్లెందు సీపీఐ ఎంఎల్ న్యూడెమోక్రసీ నాయకుడు గుమ్మడి నర్సయ్యను ఐదుసార్లు శాసనసభకు పంపింది. ఆ ఓటు ఎటు పోయింది? ఎడమ నుంచి నడుమకు జరిగిందా, లేక ఎడమ అభిప్రాయం అలాగే ఉండి ఓటు మాత్రం గెలిచే పార్టీకి పోతోందా?

రెండో అవకాశాన్ని కొట్టిపారేయకుండా ఆపేది సింగరేణి. బొగ్గు గనుల్లో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడానికి 1998 నుంచి రహస్య బ్యాలెట్ పద్ధతి ఉంది. 2012లో, 2017లో టీఆర్ఎస్ అనుబంధ సంఘం టీబీజీకేఎస్ గెలిచింది. 2023 నవంబర్ 30న శాసనసభ ఎన్నికలు జరిగాయి. భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, ఇల్లెందు అన్నీ కాంగ్రెస్ గెలుచుకుంది. నెల తిరగకుండానే, డిసెంబర్ 27న, దాదాపు 40 వేల మంది కార్మికులకు ఓటున్న గుర్తింపు ఎన్నికలో కంపెనీ స్థాయిలో గెలిచింది కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీ కాదు, సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ. గనిలో భద్రత, పదోన్నతి, మెడికల్ బోర్డు, వారసత్వ ఉద్యోగం గురించి ఎవరు కొట్లాడతారన్నది ఒక ప్రశ్న. రాష్ట్రాన్ని ఎవరు పాలించాలన్నది మరొకటి. ఒకే కార్మికుడు రెండింటికీ రెండు జవాబులు ఇవ్వగలడు. అలాంటి మనిషిని కుడి ఎడమల గీత మీద సగటు తీసి నడుమ నిలబెడితే లెక్క కుదురుతుంది కానీ మనిషి తప్పిపోతాడు.

ఆ గీత పక్కకు జరిగిపోయిన సందర్భం కూడా ఇక్కడి అనుభవంలో ఉంది. 2009 డిసెంబర్‌లో ఏర్పడిన తెలంగాణ రాజకీయ జేఏసీలో బీజేపీ, న్యూడెమోక్రసీ ఒకే వేదిక మీద కూర్చున్నాయి. సీపీఐ ప్రత్యేక రాష్ట్రం కావాలంది, సీపీఎం భాషా రాష్ట్రమే ఉండాలంది. ఆ ఏళ్లలో అసలు విభజన తెలంగాణ ప్రశ్న మీద జరిగింది, కుడి ఎడమల మీద కాదు. ఉద్యమాన్ని కుడి ఎడమలకు అతీతమైన మధ్యేమార్గంగా వర్ణించడం సరికాదని నా అభిప్రాయం. అది అడ్డంగా గీసిన ఇంకో గీత.

మరి నిజమైన మధ్యేవాదులు ఈ నేలమీద ఎప్పుడైనా ఉన్నారా? ఉన్నారు. 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభలో మాడపాటి హనుమంతరావు, ఆయన సహచరులు గ్రంథాలయాలు, మాతృభాషలో చదువు, వెట్టి చాకిరీ రద్దు కోసం విజ్ఞప్తులతో, తీర్మానాలతో, చట్టం పరిధిలో పనిచేశారు. అది పిరికితనం కాదు. సభ పెట్టుకోవడానికే అనుమతి అడగాల్సిన రాజ్యంలో అదొక సాహసం. కానీ 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి మహాసభ నాటికి సంస్థ రెండుగా చీలిపోయింది. ఎందుకు నిలవలేదో వేల ఎకరాల భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ ఇలాకాను చూస్తే కొంత తెలుస్తుంది. వెట్టిని సగం రద్దు చేయడం కుదరదు. దొర గడికీ గూడేనికీ మధ్య ఇద్దరూ నమ్మే న్యాయస్థానం, పోలీసు, పంచాయతీ ఏవీ లేవు. 1946 జూలై 4న ఇప్పటి జనగామ జిల్లా కడవెండిలో ఊరేగింపు మీద తుపాకులు పేలి దొడ్డి కొమురయ్య చనిపోయాక, విజ్ఞప్తుల రాజకీయానికి ఆ ఊళ్లలో వినేవాళ్లు మిగల్లేదు.

అయితే కథ అక్కడ ముగియలేదు. ఆ తర్వాత తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం సాగుతుండగానే 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూదానం మొదలుపెట్టారు. అదే ఏడాది అక్టోబర్‌లో సాయుధ పోరాటాన్ని విరమించారు. ఒకటి తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిదే రెండోదానికి కారణమని అనలేం. నెహ్రూ ప్రభుత్వానికి భూసంస్కరణల ఆలోచన ముందు నుంచే ఉంది. కానీ భూదానం పుట్టిన జిల్లా ఏదో, పుట్టిన నెల ఏదో చూసినవారికి, దున్నేవాడికే భూమి అన్న డిమాండ్‌తో దానికి సంబంధం లేదని చెప్పడం కష్టం. నా వాదనకు ఆధారం ఇక్కడ దొరుకుతుంది. ఈ ప్రాంతంలో నడుమ అన్నది ఒక మనిషో పార్టీయో నిలబడిన చోటుగా కంటే, లాగుళ్ల ఫలితంగా రాజ్యం ఒప్పుకున్న హద్దుగా కనిపిస్తుంది.

ఆ హద్దు లోపల ఎవరు ఎవరితోనైనా కలిశారు. 1984లో హన్మకొండలో పి.వి. నరసింహారావును ఓడించిన చందుపట్ల జంగారెడ్డి, ఆ ఏడు దేశం మొత్తం మీద గెలిచిన ఇద్దరు బీజేపీ ఎంపీల్లో ఒకరు. 1985లో జనగామ నుంచి సీపీఎం అభ్యర్థి శాసనసభకు వెళ్లారు. ఆ ఎన్నికల్లో బీజేపీకీ కమ్యూనిస్టులకూ పొత్తు ఒకే పార్టీతో, ఎన్టీఆర్ తెలుగుదేశంతో. కాంగ్రెస్ ప్రధాన ప్రత్యర్థిగా ఉన్నంతకాలం తెలుగుదేశం నడుమ అయింది. బీజేపీ ప్రధాన ప్రత్యర్థి కాగానే, 2022 మునుగోడు ఉపఎన్నికలో ఉభయ కమ్యూనిస్టు పార్టీలకు టీఆర్ఎస్ నడుమ అయింది. మరుసటి ఏడాది సీపీఐకి కాంగ్రెస్ అయింది. ఇక పి.వి. 1972లో ముఖ్యమంత్రిగా భూపరిమితికి పూనుకున్నారు, 1991లో ప్రధానిగా మార్కెట్‌కు తలుపులు తెరిచారు, 1992 తిరుపతి ఏఐసీసీ సభలో తన దారిని మధ్యేమార్గం అన్నారు. రెండు చివరలనూ కలుపుకునే నడుమకు మన ప్రాంతంలో ఆయనను మించిన ఉదాహరణ లేదు. ఆ రెండు పనులకూ సొంత పార్టీ లోపలే ఎదురైన ప్రతిఘటన చూస్తే, అలాంటి నడుమ సుఖమైన చోటు కాదని కూడా అర్థమవుతుంది.

ఇప్పటి హద్దు ఎక్కడుందో విధానాల్లో కనిపిస్తుంది. 2018 మేలో టీఆర్ఎస్ ప్రభుత్వం రైతుబంధు కింద ఎకరాకు పంటకు 4 వేలు ఇవ్వడం మొదలుపెట్టింది, తర్వాత 5 వేలు చేసింది. 2019 ఫిబ్రవరిలో బీజేపీ కేంద్ర ప్రభుత్వం కుటుంబానికి ఏటా 6 వేల పీఎం కిసాన్ తెచ్చింది. 2025 జనవరి నుంచి కాంగ్రెస్ ప్రభుత్వం రైతు భరోసాగా ఎకరాకు పంటకు 6 వేలు ఇస్తోంది. పేర్లు మారాయి, మొత్తాలు మారాయి, డబ్బు పట్టాదారు ఖాతాలో పడే పద్ధతి మారలేదు. గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం మండలాల్లో దశాబ్దాలుగా ఎర్రజెండా పార్టీల సమస్యగా ఉన్న పోడు కూడా అంతే. 2006 అటవీ హక్కుల చట్టంతో రాజ్యం దాన్ని ఒప్పుకుంది. 2023 జూన్‌లో పోడు పట్టాలు పంచింది బీఆర్ఎస్ ప్రభుత్వం. ఎడమ పక్షం సీట్లు కోల్పోయినా దాని డిమాండ్లు కొన్ని అందరి మేనిఫెస్టోల్లోకి చేరాయి. దీన్ని మధ్యేవాదం అంటే నాకు అభ్యంతరం లేదు, ఒక షరతుతో: అది ఎవరిని బయట పెట్టిందో కూడా లెక్కలో చేర్చాలి.

బయట ఉన్నది కౌలు రైతు. పాలకుర్తి చాకలి ఐలమ్మ దేశ్‌ముఖ్ మనుషులను ఎదిరించి కాపాడుకున్నది కౌలుకు తీసుకుని పండించిన పంటనే. ఈరోజు ఆమె విగ్రహానికి అన్ని పార్టీలూ దండ వేస్తాయి. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. కానీ ఆమె పాలకుర్తిలో ఇప్పుడు కౌలుకు చేస్తూ ఉంటే రైతుబంధు వచ్చేది కాదు, రైతు భరోసా కూడా రాదు. 2023లో కాంగ్రెస్ హామీలో కౌలు రైతు పేరు ఉంది. 2025లో భూమిలేని ఉపాధి కూలీ కుటుంబాలకు ఏటా 12 వేల ఇందిరమ్మ ఆత్మీయ భరోసా వచ్చింది, కౌలు రైతు మాత్రం రెండింటికీ నడుమ మిగిలిపోయాడు.

1950 చట్టం కౌలుదారును రక్షిత కౌలుదారుగా గుర్తించింది. 2018 పథకం అతన్ని చూడనే లేదు. పోరాటం బలంగా ఉన్నప్పుడు హద్దు అతని వైపు జరిగింది, లాగే చేయి బలహీనపడ్డాక వెనక్కి వచ్చింది అనేది నా వ్యాఖ్యానం. దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. ఆనాడు కౌలుదారుకు ఎదురుగా ఉన్నది వేల ఎకరాల దేశ్‌ముఖ్. ఈనాడు ఎదురుగా ఉన్న పట్టాదారు చాలాసార్లు రెండు మూడు ఎకరాల చిన్న రైతు, బతుకుదెరువుకు హైదరాబాద్ పోయినవాడు. పేరు రికార్డులో పడితే భూమి పోతుందేమోనన్న అతని భయం ఉత్తది కాదు. ఇద్దరి మధ్య నిజంగానే ఒక మధ్యేమార్గం కావాల్సిన చోటు ఇది. అందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. భూయాజమాన్య హక్కు జోలికి పోకుండా కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లోనే చేసింది. తెలంగాణ వచ్చాక దాని అమలు పక్కన పడింది. పాలకుర్తిలోనో డోర్నకల్‌లోనో ఏ పార్టీ ఎమ్మెల్యే ఉన్నా, ఆ కార్డులు మళ్లీ రాయించడానికి పూనుకుంటే పట్టాదారుల ఓట్లలో ఎన్ని తగ్గుతాయో తెలుస్తుంది. ఆ నష్టానికి సిద్ధపడిన మొదటి పార్టీ దగ్గర ఈ పరిశోధన మళ్లీ మొదలుపెట్టాలి.